సంతకం పెట్టేముందు ఇది చదువు

రాయగడ,
ఆదివారం రాత్రి

ఏమే పద్మా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది, తప్పు నాదే. జీఎస్టీ గడువులు మీద పడ్డాయి. అమ్మ కులాసా. వానలు బాగా పడ్డాయి. మజ్జిగౌరమ్మ కుంకుమ ఇందులో పెడుతున్నా.

నిన్ను ఒక కంపెనీ బోర్డులోకి ఇండిపెండెంట్ డైరెక్టరుగా, అంటే యజమానులతో సంబంధం లేని బయటి డైరెక్టరుగా, రమ్మన్నారని చదివి ఎంత సంబరపడ్డానో! కానీ "ఆడవాళ్ళుంటే లాభాలు పెరుగుతాయి" అని వాళ్ళు చెప్పిన మాట నెత్తిన పెట్టుకోకు. లాభాల్లో ఉన్న పెద్ద కంపెనీలే ముందుగా ఆడవాళ్ళని తీసుకుంటే, ఏది దేనివల్ల వచ్చిందో ఎలా తేలుతుంది? 2015లో పోస్ట్, బైరన్ అనే ఇద్దరు 140 పరిశోధనలు కలిపి చూశారు. కంపెనీ లెక్కల పుస్తకాల్లో కనిపించే లాభానికి కొద్దిగా మేలు, షేరు ధరకి దాదాపు ఏమీ లేదు. నాకు నచ్చింది 2009 నాటి ఆడమ్స్, ఫెరీరాల లెక్క. ఆడవాళ్ళున్న బోర్డుల్లో మగ డైరెక్టర్ల హాజరు కూడా మెరుగైంది, యాజమాన్యం మీద నిఘా పెరిగింది. అప్పటికే నిఘా గట్టిగా ఉన్నచోట మాత్రం ఫలితం తగ్గింది. అంటే ప్రశ్నలు అడిగేవాళ్ళు లేనిచోటే నీ అవసరం ఎక్కువ.

నిన్ను పిలిచిన కారణం కూడా తెలుసుకో. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ (షేర్ మార్కెట్లో నమోదైన) కంపెనీలకి 2020 ఏప్రిల్ 1 నుంచి ఒక మహిళా ఇండిపెండెంట్ డైరెక్టరు ఉండి తీరాలి. లేకపోతే రోజుకి 5,000 జరిమానా.

ఇప్పుడు అసలు సంగతి. బోర్డు మీటింగుకి ఏడు రోజుల ముందు నోటీసు రావాలి. అర్జెంటు పని అంటూ తక్కువ గడువులో పెట్టాలంటే ఒక ఇండిపెండెంట్ డైరెక్టరైనా హాజరవ్వాలి. లేదంటే ఆ నిర్ణయాన్ని తర్వాత ఒక ఇండిపెండెంట్ డైరెక్టరు ఆమోదించాలి. చూశావా? ఆ తొందర మీటింగు చెల్లడానికి నీ కుర్చీ పనికొస్తుంది! అప్పు హామీ, బంధువుల కంపెనీతో లావాదేవీ, ఇలాంటివి చివర్లో "ఇతర అంశాలు" కింద దూరతాయి. మన మెస్సు పుస్తకంలో "వగైరా" గుర్తుందిగా, నూనె డబ్బాతో సహా.

మీటింగయ్యాక పదిహేను రోజుల్లో మినిట్స్, అంటే అక్కడ జరిగినదాని రికార్డు, డ్రాఫ్టు పంపుతారు. పంపిన ఏడు రోజుల్లో నువ్వేమీ చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. నువ్వు అరగంట అడిగిన ప్రశ్నలన్నీ అందులో "చర్చించిన మీదట బోర్డు ఆమోదించింది" అని ఒక్క ముక్కలో ఇమిడిపోతాయి. అక్కడే పట్టు పట్టు. నువ్వు ఒప్పుకోని తీర్మానం దగ్గర నీ పేరు రాయాలని చట్టమే చెబుతోంది, 118వ సెక్షను. నీకు తెలిసి జరిగింది, నువ్వు జాగ్రత్త పడకపోవడం వల్ల జరిగింది నీ మెడకే చుట్టుకుంటాయి. రేపు అడిగితే నీకు సాక్ష్యం ఆ ఒక్క వాక్యమే తల్లీ!

వెళ్ళకు అనడం లేదు. వెళ్ళు. వెళ్ళేముందు మాత్రం గడిచిన రెండేళ్ళ మినిట్స్ చూపించమని అడుగు. తటపటాయిస్తే... ఆ సంగతి నువ్వే అర్థం చేసుకుంటావు. ఇండిపెండెంట్ డైరెక్టర్ల డేటాబ్యాంకులో పేరు నమోదు ముందే చేయించు, పరీక్ష తర్వాతైనా రాయొచ్చు. ఆడిట్ కమిటీలో వేస్తామంటే మటుకు ముందు

తమ్ముడు విశాఖ బండికి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు, వీడిచేతే పంపుతున్నా. కమిటీ సంగతి వచ్చే ఉత్తరంలో.

నీ
లక్ష్మి