తిరుహృదయమా, నీదే భారం

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంటి పని, ఉద్యోగం మధ్య జపమాల చెప్పుకోవడానికి తీరిక దొరకడం లేదని మీ పత్రికలో ఒక పాఠకురాలు బాధపడ్డారు. ఒక్క ముక్కలో చెప్పుకునే పొట్టి జపాలు అలవాటయ్యేదాకా ఆ బాధ నాకూ ఉండేది. గుంటూరు మిర్చి యార్డులో ఇరవై ఆరేళ్లుగా గుమాస్తాగా చేస్తున్నాను. ఫిబ్రవరి వచ్చిందంటే మాకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వరుస కడతాయి. విజయవాడ గుణదలలో లూర్దు మాత తిరునాళ్లు కూడా సరిగ్గా ఆ నెల 9, 10, 11 తేదీల్లోనే. ఫ్రాన్సులోని లూర్దులో మరియమాత దర్శనమిచ్చింది 1858 ఫిబ్రవరి 11న. మా సీజన్ కోసం ఆ తేదీ మారదు కదా! పక్కనే ఉన్నా అక్కడికి వెళ్లలేకపోయిన ఏళ్లే ఎక్కువ. రాత్రి తొమ్మిదికి, ఘాటుకు మండే కళ్లతో ఇల్లు చేరి జపమాల పట్టుకుంటే, యాభై మూడు మంగళవార్త జపాల్లో సగం కాకముందే కునుకు. గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లినప్పుడల్లా ఇదే చెప్పేవాణ్ని.

మా కాటా దగ్గర ఒక ముస్లిం హమాలీ ఉన్నాడు. టిక్కీ భుజానికెత్తుకునే ముందు ప్రతిసారీ 'బిస్మిల్లా' అంటాడు. లెక్కలు రాసేవాణ్ని కదా, ఒకరోజు ఆ మాటనూ లెక్కపెట్టాను. భోజనాల వేళకే వంద దాటింది.

అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. ఆమెది ఫిరంగిపురం. చదువు రాదు. పొయ్యి అంటిస్తూ 'యేసు, మరియ, జోజప్ప' అనేది. గేదె ఈనలేక అవస్థ పడుతున్నా, నాన్న కొత్తగా అప్పు చేసి ఇంటికొచ్చినా 'తిరుహృదయమా, నీదే భారం' అనేది. తిరుహృదయమంటే యేసు హృదయం. అది అమ్మ ఊతపదం అనుకున్నాం గానీ జపమని మాకెవరికీ తట్టలేదు.

ఈ సంగతి చెబితే మా విచారణ (చర్చి) గురువుగారు నవ్వి, తొలినాటి క్రైస్తవ గురువు పునీత అగుస్తీను గారి ఉత్తరం ఒకటి గుర్తుచేశారు. ఈజిప్టు సన్యాసులు బాణాలు వదిలినట్టు పొట్టి పొట్టి జపాలు తరచుగా చెప్పేవారట. సాగదీస్తే మనసు మొద్దుబారుతుందని వాళ్ల భయం. సువార్తల్లో మాత్రం? నీళ్లలో మునిగిపోతున్న యేసు శిష్యుడు పేతురు 'ప్రభూ, నన్ను రక్షింపుము' అన్నాడంతే. ఇంకా పొడుగ్గా చెప్పే తీరిక ఆయనకెక్కడిది!

నాకు పనికొచ్చింది దారి పక్కన యేసును కేకేసిన గుడ్డి బర్తిమయి మాట: 'నన్ను కరుణింపుము'. ధర పడిపోయిన రోజు యార్డులో రైతు మొహం చూడలేం. తూకంలో తీసే తరుగు దగ్గర ఆయన కేకలు వేస్తాడు, ఇదివరకు నేనూ అంతకంటే గట్టిగా అరిచేవాణ్ని. ఇప్పుడు పుస్తకం తెరిచేముందు 'ప్రభూ, ఈయన్ని కరుణించు, నన్ను కూడా' అనుకుంటాను. అలా అనుకున్నాక ఆ మనిషి మీద నోరు పారేసుకోవడం కష్టమే. టెన్షన్ పోయిందని చెప్పను, బీపీ మాత్ర ఇప్పటికీ వేసుకుంటున్నాను.

ఇక్కడ ఒక మాట. వాట్సాప్‌లో 'ఈ ప్రార్థన పదకొండు మందికి పంపండి, రాత్రికల్లా శుభవార్త' అంటూ వచ్చేవాటిని దీనితో కలపొద్దు. అవి పంపేవాళ్లలో మా బావమరిది కూడా ఉన్నాడు, చదివితే చదవనీయండి.

భద్రమైన అభ్యంగనానికి (కన్ఫర్మేషన్‌కు) సిద్ధమయ్యే పిల్లల చేత పెద్ద జపాలు బట్టీ పట్టిస్తున్నాం. మంచిదే. వాటితో పాటు పరీక్ష హాల్లోనో, బస్సులోనో, అమ్మ మీద కోపమొచ్చినప్పుడో అనుకోవడానికి ఒక్క ముక్క కూడా నేర్పమని, వాళ్లకు జపాలు నేర్పే ఉపదేశులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మా ఆవిడ మాత్రం ఒప్పుకోదు. "నీ పొట్టి జపాలు టిఫిను, జపమాల భోజనం" అంటుంది. కాదనను. మే నెలలో యార్డుకు సెలవులిచ్చేదాకా నాకు టిఫినే.

- మిర్చి యార్డు గుమాస్తా, గుంటూరు