వైర్‌లెస్ సెట్టు పాడైందని రాసే ముందు మీటరు పెట్టి చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

చిత్తూరులో ఇరవై ఏళ్లకు పైగా బండ్లకు వైరింగ్ పని చేస్తున్నాను. పోయిన నెల ఒక ప్రభుత్వ వాహనం నా షెడ్డుకు వచ్చింది, ఏ శాఖదో ఇక్కడ చెప్పను. హారన్ పని మీద వచ్చిన డ్రైవరు మాటల్లో మాటగా చెప్పాడు, వైర్‌లెస్ సెట్టులో అవతలివాళ్ల మాటలు చక్కగా వినబడతాయి గానీ తను బటన్ నొక్కి మాట్లాడబోతే సెట్టు ఆరిపోయి మళ్లీ వెలుగుతుందని. సెట్టు పాడైందని రాసేసి, కొత్తది వచ్చేదాకా అలాగే వదిలేశారట. అప్పటికే రెండు నెలలైంది! ఆ రెండు నెలలూ పలమనేరు వైపు అడవి అంచు ఊళ్లకు ఆ బండి సెల్‌ఫోన్‌ను నమ్ముకునే తిరిగింది. రాత్రి పూట ఏనుగులు పొలంలోకి దిగితే కబురు చెప్పడానికి సిగ్నల్ కోసం గట్టెక్కి నిలబడే రైతులను అడగండి, ఆ నమ్మకం ఎంతవరకో వాళ్లకు తెలుసు.

మీటరు పెట్టి చూశాను. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, సెట్టు వెనక ప్లగ్గు దగ్గరా అంతే. బటన్ నొక్కమన్నాను. బ్యాటరీ దగ్గర అంకె పెద్దగా కదల్లేదు, ప్లగ్గు దగ్గర మాత్రం పదికి లోపల పడిపోయింది. వినేటప్పుడు సెట్టు ఒక యాంపు కూడా లాగదు, అదే 25 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు 5, 6 యాంపులు లాగుతుంది, కాబట్టి దారిలో ఎక్కడైనా కరెంటుకు అర ఓము (ఓము అంటే ఆ అడ్డాన్ని కొలిచే లెక్క) అడ్డం పడితే చాలు, మూడు వోల్టుల దాకా అక్కడే పోతాయి. ఆ అడ్డం ఎర్త్ వైరులో, అంటే సెట్టు నుంచి కరెంటు బండి బాడీకి తిరిగి వెళ్లే వైరులో ఉంది. బాడీకి బిగించిన బోల్టు కింద తుప్పు. గీకి, శుభ్రం చేసి బిగించాను, అరగంట పని. సెట్టుకు ఏ జబ్బూ లేదు.

ఇలాంటివి చాలా చూశాను. సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి సన్న వైరు లాగి సెట్టుకు కలుపుతారు. పోయిన ఫ్యూజు చోట రాగి తీగ చుడతారు, రేపు షార్టయితే కాలేది బండి, లోపల ఉండేది మనుషులు. 24 వోల్టుల లారీల్లో 24ను 12కి దించే కన్వర్టర్ పెట్టకుండా రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచే 12 వోల్టులు తీస్తారు, ఆ ఒక్కటీ ఎప్పుడూ నీరసంగానే ఉంటుంది, రెండోదానికి చార్జింగ్ ఎక్కువై పాడవుతుంది.

2021 నవంబరు వానలకు తిరుమల ఘాట్ రోడ్డులో కొండచరియలు విరిగిపడిన రోజులు మనం మరిచిపోలేదు. అలాంటప్పుడు బండిలో సెట్టు పలకాలి.

నేను అడిగేది ఒక్కటే. సెట్టు పాడైందని రాసే కాగితం మీదే రెండు అంకెలు రాయించండి, బటన్ నొక్కినప్పుడు బ్యాటరీ దగ్గర ఎన్ని వోల్టులు, సెట్టు దగ్గర ఎన్ని అని. తేడా అర వోల్టు దాటితే ముందు వైరింగ్ చూడాలి. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8కి అటూఇటూగా రాకపోతే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్, దాన్ని తిప్పే బెల్టు చూడాలి. దీనికి కావాల్సిన మీటరు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. నేర్పేవాళ్లు లేరంటే మాలాంటి వైరింగ్ మెకానిక్కులు తిరుపతిలో, చిత్తూరులో చాలామంది ఉన్నారు. ఈసారి వానలు పట్టుకోకముందే ఒక పూట డ్రైవర్లందరినీ ఒకచోట కూర్చోబెడితే డబ్బులేమీ తీసుకోకుండా నేనే వచ్చి చూపిస్తాను.

— ఒక ఆటో ఎలక్ట్రీషియన్, చిత్తూరు