ఈ-పుస్తకానికి వేసిన తాళం ఎవరిని ఆపుతోంది?

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య ఒంగోలులో ఒక పుస్తకావిష్కరణ సభలో, ఈ-పుస్తకాలు కాపీ కాకుండా డిజిటల్ తాళం వేస్తే తప్ప తెలుగు రచయిత నిలదొక్కుకోలేడని ఒక వక్త గట్టిగా అన్నారు. ఆయన బాధ నిజమే. సొంత డబ్బుతో ఐదు వందల ప్రతులు వేయించుకుని, అవి చెల్లడానికి ఏళ్లూ పూళ్లూ ఎదురుచూసే రచయితకు తన పుస్తకం వాట్సాప్ గ్రూపుల్లో ఊరికే తిరుగుతుంటే కడుపు మండదా? అయితే ఆ తిరిగే ప్రతి ఎక్కడ పుట్టిందో కూడా చూడాలి. నాకు అందినవన్నీ అచ్చుపుస్తకాన్ని పేజీ తర్వాత పేజీ ఫోనుతో ఫొటో తీసి కూర్చినవే. ఒకదానిలో పేజీని నొక్కిపట్టిన బొటనవేలు కూడా కనిపిస్తుంది. ఈ-పుస్తకానికి ఎన్ని తాళాలు వేసినా ఆ వేలికి అడ్డు రావు.

అడ్డు వచ్చేది డబ్బు పెట్టి కొన్నవారికే. ఒక యాప్‌లో నేను కొన్న పుస్తకాలు ఆ సంస్థ సేవలు ఆపేశాక తెరుచుకోవడం మానేశాయి. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసినప్పుడు కొన్నవారికి కనీసం డబ్బైనా తిరిగి ఇచ్చింది, నాకు అదీ దక్కలేదు. అచ్చుపుస్తకమైతే నా తర్వాత మా పిల్లలు చదివేవారు.

సైన్స్ ఫిక్షన్ ప్రచురించే టోర్ సంస్థ 2012లో తాళాలు తీసేసింది. దొంగ ప్రతులు చెప్పుకోదగినంతగా పెరగలేదని ఆ మరుసటి ఏడాది ప్రకటించింది. పెద్ద మ్యూజిక్ కంపెనీలు పాటలకు తాళం తీసిన తర్వాతి అమ్మకాలను పరిశీలించిన ఒక అధ్యయనంలో మొత్తం మీద సుమారు 10 శాతం, తక్కువగా అమ్ముడయ్యే ఆల్బమ్‌లకైతే సుమారు 30 శాతం పెరుగుదల కనిపించింది. బాగా అమ్ముడయ్యేవాటిలో తేడా లేదు. పాటా పుస్తకమూ ఒకటి కావని ఒప్పుకుంటాను కానీ, మన తెలుగు పుస్తకాల్లో అత్యధికం ఆ తక్కువ అమ్ముడయ్యే కోవలోవేనని ప్రచురణకర్తలకు నేను చెప్పనక్కర్లేదు.

చట్టం కూడా ఈ తాళమంత మొండిది కాదు. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో చేరిన 65ఎ సెక్షన్, హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో తాళం విప్పినవారికి రెండేళ్ల వరకు జైలుశిక్ష విధిస్తుంది గానీ, చట్టం నిషేధించని పనికోసం విప్పుకోవడాన్ని నేరమనదు. చూపులేనివారికి అనువైన ప్రతిని తయారుచేసుకోవడానికి అదే సవరణ వీలు కల్పించింది. తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌ను రానివ్వని తాళానికి మాత్రం ఈ తేడా తెలియదు.

కాబట్టి మన ప్రచురణకర్తలు తాళానికి బదులు కొన్నవారి పేరు, ఆర్డర్ నంబరు ప్రతి పేజీ అడుగున పడేలా ఫైలు ఇచ్చి చూడాలని, అచ్చుప్రతి వెలువడిన రోజే దాన్ని సరసమైన ధరకు అమ్మకానికి పెట్టాలని నా మనవి. తన పేరున్న ఫైలును పదిమంది గ్రూపులో పెట్టడానికి ఎవరైనా ఒక్క క్షణం జంకుతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఒంగోలు, ప్రకాశం జిల్లా.