పెన్న బొంత మీద దిగిన ఎరుపు

మా దగ్గర బొంతలు కుట్టించుకున్నవాళ్లకీ, ఆర్డరిచ్చి ఎదురుచూస్తున్నవాళ్లకీ ఈ నాలుగు మాటలు. దసరాకి అందాల్సిన బొంతలు ఎందుకు రాలేదని రోజూ ఫోన్లు వస్తున్నాయి. ఒక్కొక్కరికి సగం సగం చెప్పడం నాకు నచ్చలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కోవూరు నుంచి ఒక అక్క వాళ్లమ్మగారి చీరలు నాలుగు తెచ్చిచ్చారు. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చినప్పుడు వాళ్లింట్లోకి నీళ్లు చేరి, ట్రంకుపెట్టెలో ఉన్న చీరలన్నీ బురదలో నానిపోయాయట. తర్వాత ఎన్నిసార్లు ఉతికినా తెల్ల పాటూరు చీర మీద మట్టి చారలు మాత్రం పోలేదు. ఆ అమ్మ ఇప్పుడు లేరు. "ఆ చారలు అలాగే ఉంచి, పెన్న కనబడేలా గోడకు వేలాడదీసుకునే బొంత కుట్టివ్వమ్మా" అన్నారు అక్క.

నేను ఇన్నాళ్లలో అంత మనసుపెట్టి చేసిన పని ఇంకోటి లేదు. చారలున్న ముక్కల్నే ఇసుకతిన్నెలుగా అమర్చాను. ఒక చార అయితే అంచు దగ్గర పల్చబడుతూ పోయి, నీళ్లు తీసిన చోట తడి ఇసుక ఆరుతున్నట్టే ఉంది. దానిమీద నేను ఒక్క కుట్టు కూడా అదనంగా వేయలేదు. ఆవలి ఒడ్డున రంగనాయకుల గుడి గాలిగోపురం, బూడిదరంగు నూలుగుడ్డతో చిన్న నీడలాగా. పొద్దుగూకే ఆకాశానికి వాళ్లమ్మగారి పెళ్లినాటి ఎర్రచీర వాడాను. వరదలో తడవని చీర అదొక్కటే, బీరువా పైఅరలో ఉండి బయటపడింది.

ఆ ఎరుపే దిగింది. కుట్టడమంతా అయ్యాక చాక్ గీతలు పోవడానికి బొంతను ఒకసారి నీళ్లలో ముంచుతాం. పైకి తీసేసరికి ఎరుపు ఇసుక మీదికి జారుతోంది. నా చేతులు ఆడలేదు. ఆరనిస్తే మరక పట్టేస్తుందని తెలుసు కాబట్టి వెంటనే పెద్ద తొట్టిలో వేసి, రాత్రంతా నీళ్లు మారుస్తూ కూర్చున్నాం. చాలావరకు పోయింది. మూడు వేళ్ల వెడల్పున గులాబీ చాయ మిగిలింది.

తప్పు నాదే. కొత్త గుడ్డయితే రంగు పరీక్ష చేయకుండా ముట్టుకోను. పాత చీరలు వందసార్లు ఉతికినవి కదా, ఇంకేం దిగుతుందిలే అనుకున్నాను. కానీ పెళ్లిచీర అలా కాదు. ముప్పై, నలభై ఏళ్లు దాచుకున్నదే తప్ప అది నీళ్లు చూసింది లేదు. పైగా ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని చిన్నప్పటి నుంచీ విని, ఈ చీరకూ అదే చేశాను. ఉప్పు పనికొచ్చేది అద్దకం వేసేటప్పుడు, రంగు నూలుకి పట్టడానికి. ఒకసారి అద్దేసిన చీరలో వదులుగా ఉన్న రంగును అది ఆపలేదు.

అక్కని పిలిచి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ ముక్క మార్చి కుడతానన్నాను. "వద్దులే, అమ్మ చీర ఇంక కత్తిరించొద్దు" అని బొంత మడతపెట్టుకుని తీసుకెళ్లారు. డబ్బు మొత్తం తిరిగిచ్చేశాను. ఆవిడ మంచితనాన్ని చూసుకుని నేను ఈ విషయం మర్చిపోదల్చుకోలేదు.

అందుకే చేతిలో ఉన్న ఏడు ఆర్డర్లనూ ఆపి, ప్రతి ముక్కనీ మళ్లీ పరీక్షించాం. తెల్లపంచె ముక్క తడిపి చీర మీద పరిచి, వేడి ఇస్త్రీపెట్టెతో నొక్కితే అసలు సంగతి తెలిసిపోతుంది. రెండు బొంతల్లో రంగు దిగింది. అవి విప్పుతున్నాం. విప్పడం కుట్టడం కంటే కష్టం, పాత పట్టులో సూది చేసిన చిల్లు మళ్లీ పూడదు. మడతల దగ్గర చిరుగుపట్టిన చీరలకి వెనక పల్చటి మల్ గుడ్డ కూడా వేయాల్సి వస్తోంది. కాబట్టి ఐదు బొంతలు కార్తీకంలో, ఆ రెండూ సంక్రాంతి ముందు ఇస్తాను. అంతవరకు ఆగలేమంటే అడ్వాన్సు వెనక్కి పంపేస్తాను, మొహమాటపడొద్దు.

నేలపట్టు పక్షుల బొంతలు అడిగినవాళ్లకి ఒక మాట. గూడబాతుల్ని, అంటే పెలికాన్లని, తెల్లగా పెట్టమని ఇద్దరు అడిగారు. అక్కడ నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూళ్లు కట్టేవి బూడిదరంగు పక్షులు, ముక్కు మీద చుక్కలుంటాయి. నేను అలాగే కుడతాను. పులికాట్ ఫ్లెమింగోలు కూడా ఫోటోల్లో కనిపించేంత గులాబీగా ఉండవు. దూరం నుంచి తెల్లటి గీతలాగే కనిపిస్తాయి, రెక్క విప్పినప్పుడే ఆ రంగు. తినే తిండిని బట్టి వచ్చే రంగు అది, పిల్లలైతే బూడిదరంగులోనే ఉంటాయి. ఒక ముక్క గులాబీ, పది ముక్కలు తెలుపు పెడితేనే నాకు పులికాట్ గుర్తొస్తుంది.

కొత్త ఆర్డర్లు సంక్రాంతి తర్వాతే. పరీక్షకీ, మల్ గుడ్డకీ కలిపి ఒక్కో బొంతకి ఎనిమిది వందలు పెరుగుతుంది. పాత ఆర్డర్లకి పాత రేటే. చీరలు ఇచ్చేటప్పుడు ఏది ఎన్నిసార్లు ఉతికారో, ఏది అసలు తడవలేదో ఒక కాగితం మీద రాసివ్వండి.

ఇదివరకు నా దగ్గర తీసుకున్న బొంతల్లో ఎరుపు, మెరూన్, ముదురు నీలం ఉంటే దయచేసి ఇంట్లో తడపొద్దు. ఎండ తగలని గోడకే వేయండి. అనుమానం ఉంటే నాకు పంపండి, పరీక్ష చేసి ఇస్తాను. రానూపోనూ కొరియర్ ఖర్చు నాదే.