కాల్షియం సీసా కొనేముందు మట్టి సంగతి చూడాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మొక్కజొన్నకు కాల్షియం అందిస్తే తెగుళ్లు తగ్గుతాయనీ, పైరు ఉప్పును తట్టుకుంటుందనీ పోయిన ఆదివారం మీ వ్యవసాయం పేజీలో వచ్చిన వ్యాసం చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. షాద్‌నగర్ వైపు మాకున్న మూడెకరాలను కౌలుకు చేస్తున్న రైతు ఆ వ్యాసం చించి జేబులో పెట్టుకుని హైదరాబాద్ వచ్చి, "సార్, ఏ కంపెనీ సీసా కొనమంటారు?" అని అడిగాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

వ్యాసంలోని రెండు మాటలూ నిజమే. చెప్పకుండా వదిలేసిన వాటి గురించే నా బాధ.

మొక్కలో ఒక కణాన్ని పక్క కణంతో కలిపి ఉంచే పెక్టిన్ పొరకు బిగువునిచ్చేది కాల్షియం. కాండం కుళ్లు కలిగించే శిలీంధ్రాలు, బ్యాక్టీరియాలు ఆ పెక్టిన్‌ను కరిగించే ఎంజైములను వదిలి లోపలికి దారి చేసుకుంటాయి. కాల్షియంతో బిగిసిన పొర వాటికి అంత సులువుగా లొంగదు. అయితే మొక్కజొన్న గడ్డి జాతి పైరు. దాని కణాల గోడల్లో పెక్టిన్ టమాటాలో ఉన్నంత ఉండదు కాబట్టి, అక్కడ కనిపించిన ఫలితాన్ని ఇక్కడ అంతే మోతాదులో ఆశించకూడదు. పైగా మన దగ్గర పూత తర్వాత వచ్చే ఎండు తెగులు, మసికుళ్లు అనే కాండం తెగుళ్లు నీటి ఎద్దడితోనే విజృంభిస్తాయి. కాల్షియం వేరు నుంచి పైకి నీటితో పాటే వెళుతుంది, తడి ఆగితే అదీ ఆగుతుంది. ఒకసారి ఆకుకు చేరాక అక్కడి నుంచి కదలదు కూడా. అందుకే దాని లోపం ముదురాకుల్లో కాక మొవ్వులో కనబడుతుంది. కొత్త ఆకుల కొసలు ఒకదానికొకటి అతుక్కుపోయి విచ్చుకోవు. ఆకు మీద పిచికారీ చేసిన కాల్షియం వేరుకు చేరదన్న ఈ ఒక్క విషయం వ్యాసంలో ఉండి ఉంటే ఎందరికో డబ్బు మిగిలేది.

ఎందుకంటే ఉప్పుతో పోరాటం జరిగేది వేరు దగ్గర. వేరు కణాల పొర మీద కాల్షియం తగినంత ఉన్నప్పుడే పొటాషియంను రానిచ్చి సోడియంను అడ్డుకునే శక్తి దానికి ఉంటుంది. అమెరికాలో మొక్కల పోషణ శాస్త్రవేత్త ఎమాన్యుయెల్ ఎప్స్టీన్ బృందం 1969లోనే బీన్స్ మొక్కలతో దీన్ని చూపింది: ఉప్పు ద్రావణంలో కాల్షియం తగ్గిన చోట సోడియం ఆకుల దాకా చేరింది, తగినంత ఉన్న చోట అంతగా చేరలేదు. మొక్కజొన్న ఉప్పుకు ఓర్చే పైరు కాదు. మట్టి ద్రావణం విద్యుత్ వాహకత (అందులో ఉప్పు ఎంత ఉందో చూపే కొలత) మీటరుకు 1.7 డెసీసీమెన్లు దాటిందంటే, ఆపైన పెరిగే ఒక్కో యూనిట్‌కు గింజ దిగుబడి సుమారు 12 శాతం పడిపోతుందని అంచనా.

అలాగని ప్రతి చౌడుకూ కాల్షియమే మందు కాదు. పాలచౌడులో ఉన్నవి కరిగే లవణాలు. వాటిని మంచినీటితో కడిగి కాలువ ద్వారా బయటికి పంపాలే తప్ప జిప్సం చల్లితే పోవు. కారుచౌడులో మట్టి రేణువులను సోడియం పట్టుకుని ఉంటుంది కనుక జిప్సంలోని కాల్షియం దాన్ని తొలగిస్తుంది; ఆ తర్వాత కూడా నీరు పెట్టి సోడియంను దింపకపోతే పని పూర్తి కాదు. సున్నం గడ్డలున్న నల్లరేగడిలో కాల్షియం అసలు కరువే కాదు. మూడు నేలలకు మూడు దారులుండగా వ్యాసం ఒకే సీసాను చూపించింది.

ఇది చదివి తెలుసుకున్నది మాత్రమే కాదు. గత యాసంగిలో మా పొలంలో మొక్కజొన్న వాడుతుంటే ఒక దుకాణదారుడు మట్టి గురించి ఒక్క మాటైనా అడగకుండా కాల్షియం ద్రావణం అంటగట్టాడు. రెండుసార్లు పిచికారీ చేసినా కంకులు నిండలేదు. కోత తర్వాత పరీక్ష చేయిస్తే ఉదజని సూచిక (మట్టి క్షార గుణాన్ని చూపే పీహెచ్) 8.5 దాటింది, కారుచౌడు అని తేలింది. ముందే తెలిసి ఉంటే ఆ డబ్బు జిప్సం బస్తాలకు పెట్టేవాళ్లం.

ముందే ఎందుకు తెలియలేదన్నది అధికారులు జవాబు చెప్పవలసిన ప్రశ్న. 2015లో మొదలైన భూసార కార్డు పథకంలో 12 అంశాలు పరీక్షిస్తారు: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, సేంద్రియ కర్బనం, ఉదజని సూచిక, విద్యుత్ వాహకత. కాల్షియం లేదు, సోడియం లేదు. కార్డులో లేని పోషకం గురించి రైతు ఎవరినడగాలి? ఒకప్పుడు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేసినప్పుడు భాస్వరంతో పాటు సుమారు 20 శాతం కాల్షియం, దాని వెంట గంధకం అడగకుండానే నేలకు చేరేవి. డీఏపీ ఎరువుకు అలవాటు పడ్డాక అవి రెండూ ఆగిపోయాయి. వాటి బదులు ఏమి వేయాలో మా ఊళ్లో ఎవరూ చెప్పలేదు. వేరుశెనగ రైతుకు ఊడలు దిగే వేళ ఎకరానికి 200 కిలోల జిప్సం అని చిన్నప్పటి నుంచీ తెలుసు. మక్క రైతుకు అటువంటి మాట ఒక్కటి అందించడానికి, రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయమూ మొక్కజొన్న పరిశోధన కేంద్రమూ ఉన్న ఈ నగరం నుంచి షాద్‌నగర్ ఎంత దూరం? విస్తరణాధికారులను నిందించడం నాకిష్టం లేదు. వేల ఎకరాలకు ఒక్కరిని పెట్టి, ఆ ఒక్కరి చేత సర్వేలూ నమోదులూ చేయిస్తుంటే వాళ్లు పొలం గట్టు మీదికి ఎప్పుడు వస్తారు?

మీ పత్రికను మా ఊళ్లో నమ్ముతారు, అందుకే ఇంత రాశాను. పాలచౌడు, కారుచౌడు, రేగడి నేలలకు వేర్వేరుగా ఏమి చేయాలో, బోరు నీటిని కూడా ఎందుకు పరీక్షించాలో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల చేత రాయించి అదే పేజీలో మళ్లీ వేయండి. భూసార పరీక్షలో సోడియం, కాల్షియం చేర్చే ఉద్దేశం ఉందో లేదో వ్యవసాయ శాఖను అడిగి వాళ్ల జవాబు కూడా ప్రచురించండి. యాసంగి విత్తనం పడకముందే అది వస్తే మా కౌలు రైతు జేబులో ఉన్న ఆ కాగితాన్ని తీయించి దీన్ని పెట్టిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
మలక్‌పేట, హైదరాబాద్