కొండవీడు పార్కు పనులు చెరువులతో మొదలుకావాలి

సంపాదకుల వారికి,

ఘాట్ రోడ్డు పడ్డాక కొండవీడు కోటకు జనం రాకపోకలు పెరిగాయి. నగరవనం పేరిట పార్కు కూడా వచ్చింది. చాలా సంతోషం. అయితే అది యుద్ధం కోసం కట్టిన దుర్గమన్న సంగతి అక్కడ పనులు చేసేవారికి ప్రతి అడుగులోనూ గుర్తుండాలి.

రెడ్డిరాజుల రాజధానిగానే కొండవీడును తలచుకుంటాం. 1424లో వారి ఏలుబడి ముగిశాక ఒడిశాను ఏలిన గజపతులకూ విజయనగరానికీ నడుమ అది సరిహద్దు కోట అయింది. ఉదయగిరి తర్వాత కృష్ణదేవరాయల సేన 1515 జూన్ 23న దాన్ని పట్టుకుంది. ఈ విజయం మంగళగిరి శాసనానికెక్కింది. గజపతి కొడుకు వీరభద్రుడు ఇక్కడే బందీగా చిక్కాడు. కొలెపల్లి, నాదెళ్ల దర్వాజాల వద్ద ఈ సంగతులు తెలుగులో రాసి పెట్టాలి.

ముట్టడిలో కోటను నిలబెట్టేది నీళ్లే. ముత్యాలమ్మ, పుట్టలమ్మ, వెదుళ్ల చెరువులు నిండేది కొండ మీద కురిసిన వానతోనే. కాబట్టి పూడికతీత ఏప్రిల్, మే నెలల్లోనే ముగియాలి. అడుగున ఉండే బంకమట్టి పొరను పొక్లెయినర్ చీల్చిందా, నీరంతా రాతి పగుళ్లలోకి దిగిపోతుంది. చివరి అడుగు మందం పారలతోనే తీయాలి. తీసిన మట్టిని జల్లెడ పట్టకుండా లారీలకెత్తడం ఘోరం. పెంకులు, నాణేలు, ఫిరంగి గుళ్లు దొరికేది అందులోనే. మరుగుదొడ్ల గుంతలు చెరువుల ఎగువన తవ్వకూడదు.

గోడలకు అసలు శత్రువులు రావి, మర్రి, జువ్వి మొక్కలు. పిట్టల రెట్టల్లోని గింజలు రాళ్ల సందుల్లో మొలుస్తాయి. లేత మొక్కలను వాన పడిన మర్నాడు వేళ్లతో సహా లాగేయవచ్చు. ముదిరిన చెట్టును మాత్రం లాగకూడదు, వేరుతోపాటు రాళ్లూ ఊడి వస్తాయి. మొదలు చుట్టూ జానెడు వెడల్పున బెరడు ఒలిచి, కొత్త చిగుళ్లు తుంచుతూ ఎండనివ్వాలి. ఎండాక ముక్కలుగా కోయాలి. గోడలోని వేరును అక్కడే వదిలి, ఖాళీల్లో పల్చటి సున్నం పోయాలి.

సందులు నింపడానికి సిమెంటు వాడవద్దు. అది లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు. ఉప్పు పేరుకుని రాతి అంచులు పొరలుగా రాలతాయి. వారాల తరబడి గుంతలో నానబెట్టిన సున్నం ఒక పాలుకు ఇసుక మూడు పాళ్లు కలిపి, గానుగలో ఆడించిన డంగు సున్నమే దీనికి తగినది. పూత ఆరకుండా తడి గోనెలు కప్పి ఉంచాలి. ఈ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్నారు, కాబట్టి ఉన్నవారి దగ్గర ఊరి కుర్రాళ్లకు పని నేర్పించడం కూడా ఈ ఖర్చులోనే చేర్చాలి.

బురుజులను ఆనుకుని పూలమడులు వేస్తే రోజూ పెట్టే నీటికి పునాది మెత్తబడుతుంది. పచ్చిక, ఆటవస్తువులు గోడలకు దూరంగా, చదును నేల మీద ఉంటే చాలు.

ముందుగా కొండ మీది నీటి వాలు కొలిచి పటం గీయించి, అలుగులు, కాలువలు బాగుచేయించి, ఆ తర్వాతే మిగతా పనులకు టెండర్లు పిలవాలని అధికారులను కోరుతున్నాం.

ఇట్లు,
కోటల సంరక్షణ కోరే పాఠకులు,
నరసరావుపేట