ఇంట్లో సేవ చేసేవారికీ పది రోజుల వెసులుబాటు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మా అత్తగారికి 82 ఏళ్లు. మూడేళ్ల కిందట పక్షవాతం వచ్చినప్పటి నుంచి మంచం మీదే ఉంటున్నారు. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే ఒంటి మీద పుండ్లు పడతాయి కనుక, రాత్రిళ్లు అలారం పెట్టుకుని లేవడం నాకూ మావారికీ అలవాటైపోయింది. ఇది మాకు భారమని చెప్పుకోవడానికి ఈ లేఖ రాయడం లేదు. కిందటేడు నా కుడి కంటికి శుక్లం ఆపరేషన్ చేయాలన్న డాక్టరు, ఆ తర్వాత కొన్నాళ్లు వంగకూడదనీ బరువులెత్తకూడదనీ చెప్పారు. మనిషిని లేపి కూర్చోబెట్టడమే రోజువారీ పని అయిన నేను ఆ నియమం పాటించే దారి తోచక ఎనిమిది నెలలు వాయిదా వేసుకున్నాను.

ఈలోగా అత్తగారిని పది రోజులు చూసుకునే చోటు కోసం నగరమంతా తిరిగాను. కొన్ని వృద్ధాశ్రమాలు మంచం పట్టినవారిని చేర్చుకోబోమన్నాయి, మరికొన్ని, నెలల రుసుమును ముందే డిపాజిట్టుగా అడిగాయి. ఏజెన్సీ పంపిన అటెండెంటు మూడో రోజు నుంచి రాలేదు (పన్నెండు గంటల చాకిరీకి ఆమె చేతికి అందేదెంతో విన్నాక నాకు కోపం రాలేదు). ఒక ఆశ్రమ నిర్వాహకుడైతే, "పది రోజులయ్యాక మళ్లీ తీసుకెళ్తారని నమ్మకమేంటమ్మా?" అన్నారు. ఆ మాట నొప్పించినా, తీసుకెళ్లనివారిని ఆయన ఎందరిని చూశారో అనిపించింది. చివరికి మా ఆడపడుచు సెలవు పెట్టి వచ్చి ఉంటే ఆపరేషన్ జరిగింది. ఎడమ కన్ను అలాగే ఉంది, ఆమెకు మాత్రం ఇక సెలవులు లేవు.

మన చట్టాల దృష్టి పెద్దలను పట్టించుకోని పిల్లల మీదే ఉంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, అందులో 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు ఉండాలని చెబుతుందే తప్ప, ఇంట్లోనే ఉంచుకుని చూసుకుంటున్నవారికి ఏ ఆసరా ఉండాలో చెప్పదు. 70 ఏళ్లు దాటినవారికి కేంద్రం 2024లో ప్రకటించిన 5 లక్షల రూపాయల ఆరోగ్య బీమా ఆస్పత్రి ఖర్చులకే తప్ప ఇంటి సేవకు వర్తించదు. ఇంట్లో సేవ చేసేవారికి కొన్నాళ్లు ఊరట ఇవ్వడం మన ప్రభుత్వాలకు తెలియనిదేమీ కాదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి వైకల్యాలున్నవారి కోసం 1999 చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్టు, వారి కుటుంబాలకు కొంత విరామం దొరకాలనే 'సమర్థ్' పథకం తెచ్చింది. పక్షవాతంతోనో మతిమరుపు జబ్బుతోనో ఉన్న వృద్ధుల కుటుంబాలకు అదే సూత్రం ఎందుకు వర్తించకూడదు?

నగరంలోని ప్రతి ఏరియా ఆస్పత్రిలో నాలుగైదు పడకలు ఇందుకు కేటాయించి, ఏడాదికి పది, పదిహేను రోజుల చొప్పున, ఆదాయాన్ని బట్టి రుసుముతో ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను. ఏ ఇంట్లో ఎవరు మంచాన ఉన్నారో, వారిని చూసుకునేది ఎవరో బస్తీ దవాఖానాలో ముందే నమోదు చేస్తే అసలైన అవసరం తెలుస్తుంది. ఇక తీసుకెళ్లరేమోనన్న ఆ నిర్వాహకుడి భయం విషయానికొస్తే, చేర్చేటప్పుడే తిరిగి తీసుకెళ్లే తేదీ రాయించుకుని సంతకం పెట్టించుకోవచ్చు. వృద్ధులను వదిలేసి వెళ్లినవారికి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించే సెక్షన్ 2007 చట్టంలో ఇప్పటికే ఉంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మల్కాజిగిరి, హైదరాబాద్